గేటు దగ్గర నిలబడే శాంతకుమారి మేడం

శాంతకుమారి మేడం ఇక లేరు. ఈ ఒక్క వాక్యం రాయడానికి చాలాసేపు పట్టింది. మా ఆఫీసులో ఎవరింట్లో మరణం సంభవించినా సిబ్బందికి ఆ వార్త తెలియజేసే పని నాదే. ఎక్కడ "తీవ్ర విచారం" అనాలో, ఎక్కడ "ప్రగాఢ సానుభూతి" అనాలో నా చేతికి అలవాటే. ఈసారి ఆ చేయి కదల్లేదు. ఆమె ఉంటే పక్కన నిలబడి "విశేషణాలు తీసెయ్ అమ్మాయ్, పేరు సరిగ్గా రాశావో లేదో చూసుకో" అనేవారు. పేరు సరిగ్గానే రాశాను మేడం.

ఆ ఆదివారం పొద్దున మెట్టుగూడలో మా ఇంట్లో ఇడ్లీ పిండి కలుపుతుండగా ఫోను మోగింది. తెర మీద ఆమె పేరే. ఆదివారం ఆమె ఫోను చేశారంటే చర్చికి వెళ్ళేలోపు నాకేదో పని అప్పజెప్పబోతున్నారని అర్థం. కొంచెం విసుగ్గానే "చెప్పండి మేడం" అన్నాను. అవతల ఆమె భర్త ప్రకాశం గారి గొంతు వినిపించింది.

"మేడం కాదమ్మా సంధ్యా, నేను. చెడ్డ కబురు చెప్పడానికే చేశాను. తెల్లవారుజామున మీ మేడం ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. గుండె ఆగిపోయింది. నిలబడి ఉంటే కూర్చోమ్మా."

పిండి చేతులతోనే కూర్చున్నాను. శనివారం మధ్యాహ్నం నాతో కలిసి మెట్లు దిగిన మనిషి, సోమవారం చేయాల్సిన పనులు వేళ్ళ మీద లెక్కపెడుతూ ఆటో ఎక్కిన మనిషి లేదంటే బుద్ధికి అందలేదు. దిగ్భ్రాంతి అనే మాట ఎన్నిసార్లో రాశాను గానీ, అది ఇలా ఉంటుందని ఆ రోజే తెలిసింది. చాలాసేపటి తర్వాత ఇంకో సంగతి తట్టింది. అంత దుఃఖంలో కూడా ప్రకాశం గారు "ఒకసారి ఇంటికి రాగలవా" అనలేదు, "కంగారుపడకు" అనలేదు. ఎందుకు ఫోను చేశారో మొదటి మాటలోనే చెప్పేశారు. అది మేడం పెట్టిన నియమం. ఇంట్లో కూడా అమలు చేయించారన్నమాట.

మారేడ్‌పల్లిలో వాళ్ళ చర్చిలో ప్రార్థన చేసి సమాధి తోటకు తీసుకెళ్ళారు. మా ఆఫీసు మొత్తం వచ్చింది. జీతం కోత పడిందని ఆమెను ఏళ్ళ తరబడి తిట్టుకున్నవాళ్ళు కూడా వచ్చి వెనక వరుసలో నిలబడి కళ్ళు తుడుచుకున్నారు. నేను ముందు వరుసలో నిలబడ్డాను. నాకు ఏడుపు రాలేదు. అంత్యక్రియల ఏర్పాట్లలో ఎవరెవరికి ఏ పని చెప్పాలో చూసుకుంటూ ఉండిపోయాను. వృత్తి అలాంటిది.

సెలవు అయిపోయి బుధవారం ఆఫీసుకు వెళ్ళాను. అందరూ నా పట్ల ఎంత మర్యాదగా ఉన్నారో చెప్పలేను. నా బల్ల మీద వేడి టీ పెట్టి ఉంది. నా పనిలో సగం ఎవరో చేసిపెట్టారు. నేను లోపలికి రాగానే గదిలో మాటలు ఆగిపోయేవి, నేను బయటికి వెళ్ళగానే మళ్ళీ మొదలయ్యేవి. కానీ ఒక్కరూ నన్ను ఏమీ అడగలేదు. ఆ రోజూ అడగలేదు, మర్నాడూ అడగలేదు. ఆ వారమంతా నేను ఒక మాట కోసం ఎదురుచూశాను. మా ఆఫీసులో దుఃఖంతో తిరిగొచ్చిన ప్రతి మనిషినీ గేటు దగ్గర అడిగే మాట అది. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. ఆ మాట ఏమిటో చెప్పాలంటే ముందు మా ఆఫీసు సంగతి చెప్పాలి.

మాది ప్రమాద బీమా పరిహారాలు చూసే ఆఫీసు. సికింద్రాబాద్ స్టేషను నుంచి నడిచి వచ్చేంత దూరంలో పాత మూడంతస్తుల భవనం. పోయినవాళ్ళ ఇళ్ళకు, గాయపడ్డవాళ్ళ ఇళ్ళకు ఫోన్లు చేసి వివరాలు రాబట్టడం మావాళ్ళ పని. ఎప్పుడు జరిగింది, ఎక్కడ జరిగింది, పక్కన ఎవరున్నారు, ఆసుపత్రికి చేర్చేసరికి ప్రాణం ఉందా. అవతలి మనిషి ఏడుస్తున్నా ప్రశ్న వదలకూడదు, ఎందుకంటే ఒక్క జవాబు తక్కువైనా వాళ్ళకు పరిహారం ఆగిపోతుంది. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఇలా అడిగి అడిగి, మావాళ్ళకు మామూలు మనుషులతో మాట్లాడినా అవే ప్రశ్నలు అదే వరుసలో వచ్చేవి. మేడం మా సిబ్బంది విభాగానికి అధిపతి. నేను ఆమె కింద పనిచేసేదాన్ని.

నర్సింగన్న మా ఆఫీసులో అందరికన్నా పాతవాడు. అతని తమ్ముడు బండి మీద వెళ్తూ లారీ గుద్ది చనిపోయాడు. కర్మకాండలు ముగించుకుని నర్సింగన్న తిరిగొచ్చిన రోజు, పక్క సీటతను కుర్చీ దగ్గరికి జరుపుకుని భుజం మీద చేయి వేశాడు. మంచివాడే, ఓదార్చాలనే వచ్చాడు. "ఎన్ని గంటలకైంది అన్నా? హెల్మెట్ పెట్టుకున్నడా? లారీ నంబర్ దొరికిందా? దవాఖానకు తీస్కపోయేసరికి ఊపిరున్నదా?" అని అడిగాడు. తర్వాత ఇంకొకరు వచ్చి అవే అడిగారు. మంచినీళ్ళ దగ్గర ఒకరు, మెట్ల మీద ఒకరు. మధ్యాహ్నానికి ఆ తమ్ముడు మా ఆఫీసులో ఒక కేసు అయిపోయాడు. నర్సింగన్న భోజనానికి రాలేదు.

మేడం వెతుక్కుంటూ డాబా మీదికి వెళ్ళారు. నేను వెనకే వెళ్ళాను. నర్సింగన్న నీళ్ళ ట్యాంకు పక్కన గట్టు మీద కూర్చుని ఉన్నాడు. మేడం అతని ఎదుట నిలబడలేదు, వెళ్ళి పక్కన కూర్చున్నారు. ఆ ఎండలో అలా ఊరికే కూర్చున్నారు. చివరికి అతనే మాట్లాడాడు.

"వాళ్ళ మీద నాకేం కోపం లేదు మేడం. గని వాళ్ళు గిట్ల అడుగుతుంటే నేను సుత ఫోన్ల చెప్పినట్టు టకటక జవాబు చెప్తున్న. టైం చెప్తున్న, జాగ చెప్తున్న. నా తమ్ముని గురించి నేనే గిట్ల మాట్లాడుతున్ననేందని భయమైతున్నది."

మేడం, "నర్సింగ్, నీ తమ్ముడి గురించి వీళ్ళను అడగమంటావా, వద్దంటావా?" అన్నారు.

"అడగాలె మేడం. అడగకుంటే వాడు లేనే లేడన్నట్టుంటది. గని ఎట్ల సచ్చిండో అడగొద్దు. ఎట్లుంటుండెనో అడగాలె."

మేడం కిందికి దిగి ఆ మాటనే అందరికీ చెప్పారు. సాయంత్రం టీ దగ్గర ఎవరో "అన్నా, మీ తమ్ముడు కబడ్డీ ఆడుతుండెనట కదా" అన్నారు. నర్సింగన్న ఆ రోజు మొదటిసారి తలెత్తి మాట్లాడాడు. వాడు ఎలా కూతపెట్టేవాడో, అమ్మకు తెలియకుండా మోకాళ్ళ దెబ్బలు ఎలా దాచేవాడో చెప్పాడు. చెబుతూ చెబుతూ నవ్వాడు, మధ్యలో ఏడ్చాడు. ఎవరూ తడబడలేదు.

అప్పట్నుంచీ అది మా ఆఫీసు ఆచారమైంది. ఇంట్లో మరణమో, పెద్ద జబ్బో, ప్రమాదమో, ఇంకేదైనా చెప్పుకోలేని కష్టమో గడిచి ఎవరు తిరిగొచ్చినా, ఆ పొద్దున మేడం కింద గేటు దగ్గర నిలబడేవారు. ఆమెకు వీలుకాని రోజున నేను నిలబడేదాన్ని. "అడగమంటావా, వద్దంటావా?" అదే ప్రశ్న. జవాబు విని ఆమె ముందుగా పైకి వెళ్ళి అందరికీ చెప్పేవారు, ఆ తర్వాతే ఆ మనిషి మెట్లెక్కి వచ్చేవారు. జవాబులు ఒకేలా ఉండేవి కావు. ఒకరు నెల దాకా వద్దనేవారు. ఒకరు టీ తాగేటప్పుడు మాత్రం పర్వాలేదనేవారు. భర్త పోయిన ఒకావిడ, ఆయన పేరు ఎవరూ ఎత్తకపోతేనే తనకు పిచ్చెక్కినట్టు ఉంటుందని, రోజూ ఎవరో ఒకరు ఎత్తండని అడిగింది. రోజూ ఎత్తేవాళ్ళం.

ప్రకాశం గారి ఫోను దగ్గర మేడం పెట్టిన నియమం అన్నాను కదా, అదేమిటో చెబుతాను. మా ఆఫీసులో "హెచ్.ఆర్. మేడం పిలుస్తున్నారు" అని ఊరికే అనకూడదు. ఎందుకు పిలుస్తున్నారో అదే నోటితో చెప్పాలి. "సెలవు సంగతి మాట్లాడటానికి, కంగారేం లేదు" అనాలి. నిజంగా చెడ్డ సంగతే అయితే ఆమె పిలిచేవారే కాదు, తానే లేచి వెళ్ళేవారు. గదిలోకి వచ్చిన మనిషికి తలుపు దగ్గరి కుర్చీ ఇచ్చి, తాను గోడవైపు కుర్చీలో కూర్చునేవారు. లేచి వెళ్ళిపోవాలనిపిస్తే దారికి ఎవరూ అడ్డం ఉండకూడదని. ఈ నియమం ముదిరి, ప్రకాశం గారికి ఫోను చేసినా "ఏమండీ, గోంగూర గురించి చేశాను" అని మొదలుపెట్టేవారు. మేం చాటున నవ్వుకునేవాళ్ళం. ఒకసారి దొరికిపోయాం కూడా.

ఈ పట్టింపు ఎందుకో నాకు మోండా మార్కెట్‌లో తెలిసింది. శనివారం మధ్యాహ్నం పని అయ్యాక ఆమె కూరగాయలకు అక్కడికి వెళ్ళేవారు. ఎవరితోనైనా కష్టమైన సంగతి మాట్లాడాల్సి ఉంటే, వాళ్ళు ఒప్పుకుంటే, వెంట తీసుకెళ్ళేవారు. "ఎదురెదురుగా కూర్చుంటే విచారణలా ఉంటుంది అమ్మాయ్. పక్కపక్కన నడిస్తే మాట వస్తుంది" అనేవారు. ఎన్ని రాజీనామాలు అక్కడ వంకాయల మధ్య ఆగిపోయాయో నాకు తెలుసు. ఆకుకూరలామెకు మాత్రం ఇది తలనొప్పి. "ఏందమ్మా, నీ ఆఫీసు ముచ్చట అయ్యేదాంక నా గోంగూర వాడిపోయెటట్టున్నది. తీస్కుంటవా లేదా?" అని గదమాయించేది.

ఒక శనివారం నన్నే తీసుకెళ్ళారు. నాతో ఏం మాట్లాడాల్సి ఉందా అని లోపల బెదిరాను. నాతో కాదు, తన గురించే మాట్లాడారు. ఆమె ఉద్యోగం మొదలుపెట్టింది ఇంకో కంపెనీలో, టైపిస్టుగా. కోస్తాలో పుట్టి, చదువు అయ్యాక పని కోసం సికింద్రాబాద్ వచ్చిన కొత్త. ఒకరోజు అటెండరు వచ్చి "మేనేజరు గారు పిలుస్తున్నారు" అన్నాడు. అంతే చెప్పాడు. ఆ ముందు రోజే ఆమె ఒక ఉత్తరంలో తప్పు టైపు చేశారు. పొడుగాటి వరండా దాటి వెళ్ళాలి. ఉద్యోగం పోతే అద్దె ఎలా కట్టాలి, నాన్నకు మొహం ఎలా చూపించాలి అనుకుంటూ నడిచారు. గదిలో ఇంకా ఎవరెవరో కూర్చుని ఉన్నారు. మేనేజరు తలెత్తకుండానే, "మీ నాన్నగారు పోయారట. సెలవు పెట్టి వెళ్ళండి" అన్నాడు.

"అప్పుడు నాకేమనిపించిందో తెలుసా సంధ్యా? ఉద్యోగం పోలేదు కదా అనిపించింది. ఒక్క క్షణం. హమ్మయ్య అని ఊపిరి పీల్చుకున్నాను. ఆ తర్వాతే నాన్న పోయాడని తెలిసింది. ఆ ఊపిరి నన్ను ఇన్నేళ్ళయినా వదల్లేదు. అతను చెడ్డవాడేం కాదమ్మా. ఎందుకు పిలుస్తున్నాడో చెప్పి పంపి ఉంటే నేను నాన్న కోసం నడిచేదాన్ని ఆ వరండాలో."

సంచిలో టమాటాలు సర్దుకుని ఆటో పిలిచారు. నేనూ మళ్ళీ ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. ఒకసారి చెప్పినవాళ్ళతో మళ్ళీ చెప్పించకూడదని ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

స్వప్న సంగతి కూడా చెప్పాలి. అప్పట్లో మా ఆఫీసులో పుట్టినరోజంటే పెద్ద ఆర్భాటం. దీపాలు ఆర్పేసి అందరూ బల్లల వెనక దాక్కోవడం, మనిషి లోపలికి రాగానే మెరుపు కాగితాలు నింపిన పెద్ద బెలూనును ఢామ్మని పగలగొట్టి అరవడం. స్వప్న కొత్తగా చేరింది. ఆమె పుట్టినరోజునా అలాగే చేశాం. బెలూను పగలగానే ఆ పిల్ల బల్ల కిందికి దూరి రెండు చెవులూ మూసుకుంది. మొదట అందరూ సరదా అనుకుని నవ్వారు. ఆమె బయటికి రాకపోయేసరికి నవ్వులు ఆగాయి.

మేడం దీపాలు వేయించి అందర్నీ సీట్లకు పంపేశారు. చీర కుచ్చిళ్ళు సర్దుకుని, బల్లకు కొంచెం ఎడంగా నేల మీద కూర్చున్నారు. "స్వప్నా, నేను శాంతకుమారిని. ఇది మన ఆఫీసు. పేలింది బెలూను. తలుపు తీసే ఉంది. నీకు ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడు రా, నేనిక్కడే కూర్చుంటాను" అన్నారు. ఆ తర్వాత నోరు మెదపలేదు. స్వప్న బయటికి వచ్చాక మొహం కడుక్కోమని చెప్పి, ఇంటికి వెళ్తావా, పని చేసుకుంటావా అని మాత్రం అడిగారు. ఎందుకలా అయిందని ఆ రోజు అడగలేదు, తర్వాత కూడా అడగలేదు. చాలా రోజులకు స్వప్నే గదిలోకి వచ్చి తలుపు దగ్గరి కుర్చీలో కూర్చుంది.

"మీరు అడుగుతరేమోనని రోజూ తయారై వస్తుంటి మేడం. ఏం చెప్పి తప్పించుకోవాలె అని. మీరు అడగకపోతిరి. గందుకే చెప్తున్న" అంది. వాళ్ళింట్లో వంట గ్యాస్ సిలిండర్ పేలినప్పుడు తను పక్క గదిలో ఉందని, వాళ్ళ అమ్మ వంటింట్లో ఉందని చెప్పింది.

మా పెద్దసారుకు, అంటే కంపెనీ యజమానికి, ఇది ఇబ్బంది అయింది. స్వప్న అగ్నిప్రమాదం కేసుల ఫోన్లు తీసుకోలేకపోతోంది. "పని చేయలేని మనిషిని పెట్టుకుని ఏం చేస్తామమ్మా?" అన్నాడాయన. ఆయనకు మోకాళ్ళ నొప్పులు. మేడం చాలా వినయంగా, "మీరు మెట్లెక్కలేకపోతున్నారని మిమ్మల్ని ఇంటికి పంపామా సార్, లిఫ్టు పెట్టించాం కదా" అన్నారు. నేను ఫైలు అడ్డం పెట్టుకున్నాను, నవ్వు కనబడకుండా. స్వప్నకు రోడ్డు ప్రమాదాల కేసులు ఇచ్చి, మంటల కేసులు వేరేవాళ్ళకు మార్చారు. ఇప్పుడు మా ఆఫీసులో అందరికన్నా ఓపికగా ఫోను మాట్లాడేది ఆ పిల్లే.

పెద్దసారు కఠినుడేం కాదు. తర్వాత ఆయనకే ఇదంతా బాగా నచ్చింది. ఈ పద్ధతులన్నీ అచ్చు వేయించి గోడలకు అంటిద్దాం, సిబ్బందికి శిక్షణ పెడదాం అన్నాడు. మేడం శిక్షణకు సరేనన్నారు, గోడకు మాత్రం ససేమిరా అన్నారు. "గోడ మీద పెడితే జనం గోడ చూసి నడుచుకుంటారు సార్. మనిషిని అడగడం మానేస్తారు." ఆ మాట మీద ఇద్దరూ కొన్నాళ్ళు ముభావంగా ఉన్నారు. మొండితనం ఆమెకు తక్కువేం కాదు. ఆలస్యంగా వచ్చినవాళ్ళను కళ్ళతోనే కాల్చేసేవారు. మెచ్చుకోవడంలో మహా పిసినారి. నేను ఎంత కష్టపడి పని చేసినా "ఊఁ, సరే" అన్నదే నాకు బిరుదు.

ఇంకో సంగతి కూడా ఉంది, అది చెప్పకపోతే ఆమె చిత్రం సంపూర్ణం కాదు. ఆమె ఒంటరి మనిషి. భర్త ఉన్నారు, చర్చిలో బంధుమిత్రులు ఉన్నారు, ఆఫీసు నిండా ఆమె మేలు పొందినవాళ్ళున్నారు, అయినా ఒంటరి. సిబ్బంది విభాగం వాళ్ళతో ఎవరూ మనసు విప్పి భోంచేయరు. అందరి కష్టాలూ తెలిసిన మనిషి పక్కన కూర్చుని అన్నం తినడం ఎవరికైనా ఇబ్బందే. అందుకని మేమిద్దరమే ఆమె గదిలో డబ్బాలు విప్పుకునేవాళ్ళం. ఆమె టమాటా పప్పు, మా ఇంటి మామిడి తొక్కు. ఏళ్ళ తరబడి అదే మా లోకం. ఈమధ్య ఆమె అన్నం సగం వదిలేస్తుంటే "ఒంట్లో బాగుందా మేడం?" అన్నాను. "నీ పని చూసుకో" అన్నారు. ఊరంతటినీ అడగమంటావా అని అడిగిన మనిషి, తనను అడిగితే మాత్రం తలుపు వేసుకునేవారు.

ఇప్పుడు నేను ఆ గదిలో ఒక్కదాన్నే డబ్బా విప్పుకుంటున్నాను. తొక్కు సీసా మూత తీయకుండానే పక్కన పెట్టేస్తున్నాను. బుధవారం నుంచి నా చుట్టూ అంత నిశ్శబ్దం ఎందుకో నాకు మెల్లగా అర్థమైంది. గేటు దగ్గర నిలబడి అడిగేవాళ్ళం మేమిద్దరమే. ఒకరు సమాధి తోటలో ఉన్నారు. రెండోదాన్ని నేను, అడిగించుకోవలసిన దాన్ని. అడిగే మనిషి లేకపోయేసరికి మావాళ్ళు తమకు తెలిసినంతలో మర్యాదైన దారి ఎంచుకున్నారు. నన్ను నొప్పించకూడదని ఆమె పేరే ఎత్తడం మానేశారు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఊళ్ళో వాళ్ళందరి చావుల గురించీ అడిగే ఆఫీసులో, మా మేడం చావు గురించి అడిగేవాళ్ళు లేకపోయారు. నర్సింగన్న ఒకసారి నా గది గుమ్మం దాకా వచ్చి, కాసేపు నిలబడి, "ఏం లేదమ్మా" అని వెళ్ళిపోయాడు. ఆమె కుర్చీ వైపు చూడకుండా స్వప్న టీ పెట్టి వెళ్ళిపోయేది. నేనే నోరు తెరిచి చెప్పొచ్చు కదా అంటారు. అడగకుండా చెప్పుకోవడం నాకు చేతకాలేదు. చెప్పుకోగలిగితే ఆ గేటు ఆచారం ఎందుకు?

శనివారం సాయంత్రం మారేడ్‌పల్లిలో మేడం వాళ్ళింట్లో ఆదరణ కూడిక జరిగింది. పోయినవారి కుటుంబాన్ని ఓదార్చడానికి చర్చివాళ్ళు ఇంటికొచ్చి చేసే ప్రార్థన అది. కీర్తనలు పాడారు, పాస్టరు గారు వాక్యం చెప్పారు, ఒక్కొక్కరే లేచి ఆమె సేవాతత్పరతను కొనియాడారు. ప్రకాశం గారు అందరి మధ్యా కుర్చీలో కూర్చుని, ఎవరు చేయి పట్టుకుంటే వాళ్ళకు తలాడిస్తున్నారు. జనం పలచబడ్డాక నేను వెళ్ళి ఆయన పక్కన, ఎదురుగా కాదు, పక్కన కూర్చున్నాను.

"ప్రకాశం గారూ, మేడం గురించి అడగమంటారా, వద్దంటారా?"

ఆయన నా వైపు తిరగలేదు. గోడ మీది ఫోటో వైపు చూస్తూనే "అడుగమ్మా" అన్నారు. "అందరూ ధైర్యం చెబుతున్నారు. పాపం, వాళ్ళ తప్పేం లేదు. ఎవరూ అడగట్లేదు."

"చివర్లో ఏం మాట్లాడారు?"

"ఏమీ లేదమ్మా, మామూలు మాటలే. తెల్లారకముందే లేచి టీ పెడుతోంది. వంటింట్లోంచి 'ఏమండీ' అని పిలిచింది. ఇన్నేళ్ళలో ఎందుకో చెప్పకుండా పిలవడం అదే మొదటిసారి. అప్పుడే నాకు తెలిసిపోయింది. పరిగెత్తాను."

ఆయన ఇంకా చాలా చెప్పారు. పెళ్ళయిన కొత్తలో ఆమె పాట శ్రుతి తప్పుతుందని చర్చి గాయకబృందం వాళ్ళు వెనక వరుసలోకి పంపితే వారం రోజులు అలిగిందని చెప్పి నవ్వారు. చీకటి పడేదాకా విన్నాను. నాకు చెప్పాలని ఉన్నవి నాలోనే ఉంచుకుని మెట్టుగూడకు ఆటో ఎక్కాను. ఆయన దుఃఖం ముందు నాది పెట్టలేను కదా.

సోమవారం పొద్దున అందరికన్నా ముందు ఆఫీసుకు చేరుకున్నాను. పైకి వెళ్ళలేదు. మేడం నిలబడే చోట, గేటు పక్కన నిలబడ్డాను. వచ్చినవాళ్ళు వచ్చినట్టు తల వంచుకుని పక్కనుంచి వెళ్ళిపోయారు. కష్టంలో ఉన్న మనిషెవరో తిరిగొస్తున్నారని అనుకుని ఉంటారు. నర్సింగన్న బండి ఆపి దిగాడు.

"ఏందమ్మా, గేటు కాడ నిలబడ్డవు? ఎవరొస్తున్నరు ఇయ్యాల?"

"ఎవరూ రావట్లేదన్నా. నేనే వస్తున్నాను."

అతనికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. నా ఎదుట నుంచి పక్కకు జరిగి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"అడగమంటవా బిడ్డా, వద్దంటవా?"

వారం నుంచి గడ్డకట్టుకుపోయి ఉన్న ఏడుపు అప్పుడు వచ్చింది. రోడ్డు మీద అంతమంది చూస్తుండగా ఏడ్చాను. "అడుగన్నా" అన్నాను. అతను ఆమె ఎలా పోయారని అడగలేదు. "మీరిద్దరు రోజూ ఆ రూంలకు పోయి తలుపేసుకుని తింటుంటిరి కదా, ఏం మాట్లాడుకుంటుంటిరి?" అని అడిగాడు. నేను టమాటా పప్పుతో మొదలుపెట్టాను.

మేడం, మీరు నాకు నేర్పినదంతా మనుషుల మధ్య ఎలా నిలబడాలన్నదే. మీరు లేని గదిలో ఎలా కూర్చోవాలో మాత్రం నేర్పలేదు. ఆ పాఠం చెప్పగలిగిన మనిషి ఈ సికింద్రాబాద్‌లో ఇంకొకరు లేరు, ఉండబోరు. ఇకమీదట మీ చోట నర్సింగన్న కూడా నిలబడతానన్నాడు, స్వప్న కూడా వస్తానంది. మీ కుర్చీని గోడవైపే ఉంచాను. భోజనాల వేళ గది తలుపు తీసే ఉంచుతున్నాను, ఎవరైనా వస్తారేమోనని. ఇంకా ఎవరూ రాలేదు. మీకు నా కన్నీటి నమస్కారం.